పోటీకి ముందు పదిహేను రోజులు

ఈ ఉదయం మా వీధిలో మున్సిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ పౌడర్ చల్లారు. రెండు రోజుల వానకు మోరీలు పొంగి వాకిళ్ల ముందు బురద నిలిచింది. తలుపు తీయగానే ఆ ఘాటు ముక్కుకు తగిలి కళ్లు చురచుర మండాయి. కిటికీలు మూసెయ్యమని మా ఆయన లోపలి నుంచి కేకేశాడు. నేను మూయలేదు. గడప మీద నిలబడి కాసేపు ఆ వాసనే పీల్చాను. ఆ రోజులు గడిచి నలభై ఏళ్లు దాటినా ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది మోరీ కాదు. పొద్దున ఐదున్నరకు లుంగీ మోకాళ్ల పైకి కట్టుకుని, ఈత కొలను నీళ్ల కోసం ఇనుప బకెట్టులో ఇదే పౌడరు కలుపుతూ, ముఖం పక్కకు తిప్పుకుని దగ్గుతున్న ప్రకాశం సారు గుర్తొస్తారు.

ఆయన పేరు మీరు విని ఉండరు. హనుమకొండలో నీళ్ల ట్యాంకు దగ్గర పంపు మోటార్లు నడిపే డ్రైవరుగా పనిచేసేవారు. డెబ్బైల చివర్లో మా ఊళ్లో కొత్తగా ఒక ఈత కొలను కట్టారు. కట్టినవాళ్లు కట్టి వెళ్లిపోయారు, నేర్పేవాళ్లను మాత్రం ఎవరినీ పెట్టలేదు. దానికి నీళ్లు నింపే పని సారుకు పడింది. వయసులో ఉన్నప్పుడు ఫౌజులో, అంటే మిలటరీలో ఉండి, అక్కడి పోటీల్లో ఈదిన మనిషి. నిండా నీళ్లున్న కొలను మనుషులు లేక ఖాళీగా ఉండటం చూడలేక, డ్యూటీకి ముందు రోజూ రెండు గంటలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. జీతం లేదు, ఆర్డరు లేదు. ఆదివారం ఒక్కటే రారు, ఆ రోజు చర్చి. నేను చూసేనాటికి ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. సన్నగా, నల్లగా, కొంచెం ముందుకు వంగి నడిచేవారు. గొంతు పెద్దది కాదు. మెడలో విజిల్ ఉన్నా దాన్ని ఊదిన రోజులు తక్కువ.

మాది కాశిబుగ్గ. మా నాన్న, బాపు అనేవాళ్లం, జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో సగం మగ్గానిదే, మిగిలిన సగంలో మేము ఐదుగురం. ఈత నాకు ఊరి నుంచి వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు హసన్‌పర్తి అవతల ఒక చిన్న పల్లె. ఎండాకాలం సెలవుల్లో మా రాజన్న మామ నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి వ్యవసాయ బావిలోకి తోసేవాడు. తొమ్మిదేళ్లకే బుర్రలు లేకుండా ఈదాను. స్కూల్లో డ్రిల్లు టీచరు "ఈత వచ్చినోళ్లెవరు?" అని అడిగిన రోజు ఆడపిల్లల్లో నా చెయ్యి ఒక్కటే లేచింది. ఆమే నన్ను కొలను దగ్గరికి పంపింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు.

మొదటి రోజు సారు నన్ను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లెంగ్తు ఈదమన్నారు. ప్రాణం పెట్టి ఈదాను. తల ఎత్తి చూస్తే ఎదురుగా ఉండాల్సిన గోడ లేదు, పక్క గోడ ఉంది. మళ్లీ ఈదమన్నారు. మళ్లీ పక్క గోడే. గట్టు మీది పిల్లలు పడీ పడీ నవ్వారు. సారు మోకాళ్ల మీద కూర్చుని నా ముఖంలోకి చూసి అడిగారు.

"ఏడ నేర్చుకున్నవ్ బిడ్డా?"

"మా మామోళ్ల బాయిల, సార్."

"గుండ్రం బాయేనా?"

"ఆఁ."

"గందుకే. బాయి ఇంక నిన్ను ఇడిసిపెట్టలే. ఎడమ దిక్కుకు తిరుగుతానవ్. ఫికర్ చెయ్యకు, ఇది పోతది."

అది పోవడానికి నాలుగు నెలలు పట్టింది. గట్టు మెట్ల మీద స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్న ఒక అక్క, నేను వంకర పోయిన ప్రతిసారీ కుడి చెయ్యి ఎత్తి చూపించేది. ఆమె కరుణక్క, సారు కూతురు. అప్పటికి పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. అందరి టైములూ రాసేది, చిన్నపిల్లలకు తల తుడిచేది, నీళ్లలోకి మాత్రం ఎన్నడూ దిగేది కాదు. ఈత రాదేమో అనుకున్నాను. నాకు ఈత బట్టలు లేక అన్న నిక్కరు, బనీనుతో ఈదుతుంటే, ఒక పొద్దున ఆమే కాగితంలో చుట్టి ఒక నీలం రంగు కాస్ట్యూమ్ తెచ్చిచ్చింది. కొంచెం వెలిసింది, అయినా గట్టిగా ఉంది. ఎక్కడిదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

సారు దగ్గర రెండు అలవాట్లు ఉండేవి. మొదటిది నాడి. పొద్దున లేవగానే, పక్క మీది నుంచి కదలకుండా, ఒక నిమిషం పాటు మణికట్టు దగ్గర నాడి లెక్కపెట్టుకుని ఆ అంకె కరుణక్కకు చెప్పాలి; అంకె పెరిగితే ఒళ్లు అలసిందని లెక్క. మా ఇంట్లో అలారం గడియారం ఒకటుండేది. బాపు దాన్ని దీపం దగ్గర పట్టుకుని "ఇగ మొదలువెట్టు" అనేవాడు, నిమిషం కాగానే "చాలు" అనేవాడు. మధ్యలో ఎవరైనా మాట్లాడితే కసురుకునేవాడు. రెండో అలవాటు, నీళ్లలోకి దిగేముందు సారు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "ఒళ్లెట్లున్నది?" అని అడగడం. బాగాలేదంటే చాలు, ఎందుకని అడిగేవారు కాదు. "పో బిడ్డా, ఇంటికి పోయి పండుకో" అనేవారు. చలికాలంలో కొందరు దీన్ని వాడుకున్నారు. నాకు కోపమొచ్చి ఒకసారి చెప్పేశాను.

"వాళ్లు అబద్ధం చెప్తాన్లు సార్. ఒంట్ల ఏం లేదు వాళ్లకు."

సారు బకెట్టు కడుగుతూ తల ఎత్తకుండానే అన్నారు. "చెప్పనీ. అబద్ధం చెప్పినోన్ని నమ్మితె ఒక పొద్దు పోతది బిడ్డా. నిజం చెప్పినోన్ని నమ్మకపోతె..." అక్కడికి ఆగిపోయారు. మెట్ల మీద కరుణక్క కాగితాలు సర్దుతున్నది.

నాకు పద్నాలుగో ఏడు వచ్చాక, హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీలకు మాలోంచి నలుగురిని పంపాలని నిర్ణయించారు. నాది రెండు వందల మీటర్లు. మూడు నెలలు సారు మమ్మల్ని విడిచిపెట్టలేదు. పొద్దున రెండు గంటలు, డ్యూటీ దిగి వచ్చి సాయంత్రం ఒక గంట. భుజాలు ఎత్తలేక అన్నం ముద్ద నోటి దాకా వచ్చేది కాదు. క్లాసులో బల్ల మీద తల పెట్టి నిద్రపోయేదాన్ని. కానీ టైము తగ్గుతూ వచ్చింది, ఆ తగ్గడం మత్తులా ఉండేది. సరిగ్గా అప్పుడు, పోటీ పదిహేను రోజులుందనగా, సారు అందరినీ గట్టు మీద కూర్చోబెట్టి చెప్పారు.

"రేపటికెంచి సాయంత్రం రావద్దు. పొద్దున గుడ ఒక్క గంటనే. వచ్చే వారం గంటల సగం. దూరం తగ్గిస్త, జోరు మాత్రం తగ్గియ్య. నాలుగు లెంగ్తులు గట్టిగ కొట్టాలె, బయటికి రావాలె. ఇంటికి పోయి తినాలె, పండాలె."

మాకు అర్థం కాలేదు. పరీక్ష ముందర పుస్తకం మూసెయ్యమన్నట్టే ఉంది. ఆ మొదటి వారం నా ఒళ్లు నా మాట వినలేదు. తేలిక కావాల్సింది పోయి ఇంకా బరువెక్కింది. కాళ్లు ఊరికే పీకేవి. ఎప్పుడూ లేని నొప్పులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. సాయంత్రం నాలుగు కాగానే చేతులు ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. చేసినదంతా రోజుకింత కారిపోతున్నదని భయం. ఆ భయం బాపుకూ పట్టింది. మూడో రోజు సైకిలు మీద నన్ను దింపి, వెళ్లిపోకుండా సారు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"సారూ, పోటీ ముంగటవెట్టుకొని పిల్లలను పండవెడ్తానవట?"

"పండవెడ్తలేనన్నా. పని తగ్గించిన."

"మా దగ్గర గిరాకీ దినాలొస్తె ఒక పూట ఎక్కువనే మగ్గం మీద కూసుంటం గని తక్కువ కూసోం."

సారు నవ్వలేదు, విసుక్కోలేదు. "నూలుకు రంగేసినంక ఏం జేస్తవన్నా?"

"ఆరేస్త."

"ఆరకముందే మగ్గానికెక్కిస్తె?"

"తెగుతది."

"ఈళ్లను మూడు నెలలు ముంచిన. జర ఆరనియ్యి."

బాపు సైకిలెక్కి వెళ్లిపోయాడు. అయితే వినడం వేరు, నమ్మడం వేరు. ఆ ఆదివారం పొద్దున సైకిలు తీసి "ఎక్కు, మామోళ్లింటికి పోదాం" అన్నాడు. నేను వెనక ఎక్కాను. ఆ పదిహేను రోజుల్లో రెండు ఆదివారాలు, మధ్యలో సెలవొచ్చిన రెండు రోజులు కొలను నుంచి నేరుగా వెళ్లి, ఎండ ముదిరే దాకా రాజన్న మామ బావిలో ఈదాను. బాపు గట్టు మీద కూర్చుని చుట్లు లెక్కపెట్టేవాడు. నేను ఆగితే "ఇంకో పది" అనేవాడు. పాపం, ఆయనకు తెలిసిన ప్రేమ అది. బలమైన తిండి పెట్టడం, ఎక్కువ పని చేయించడం. బావి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున నాడి చూసుకుంటే ఎప్పుడూ డెబ్బై దాటనిది ఎనభై నాలుగుంది. బాపు గడియారం కింద పెట్టి, కొంచెం ఆలోచించి, "డెబ్బై అని చెప్పు" అన్నాడు. కరుణక్కకు డెబ్బై అని చెప్పాను. ఆమె నన్ను ఒకసారి చూసి, రాసుకుంది.

హైదరాబాదు కొలను మా దానికి రెండింతలు, నా పోటీకి నాలుగు లెంగ్తులు. మొదటి రెండు లెంగ్తులు నేనే ముందున్నాను. మూడో దాంట్లో సగం దాకా వచ్చాక చేతులు నావి కాకుండా పోయాయి. నొప్పి కాదు, ఆయాసం కూడా కాదు. లోపల ఉండాల్సినదేదో అయిపోయింది. వరసల మధ్య కట్టిన ఎడమ పక్క తాడు రెండుసార్లు భుజానికి రాసుకుంది. ఒక్కొక్కరే దాటిపోవడం నీళ్ల కింద నుంచి కనిపించింది. చివరి నుంచి రెండోదాన్నై గోడ తాకాను.

బయటికి వచ్చాక సారు తువ్వాలు కప్పి, ఒక మూలకు తీసుకెళ్లి, నెమ్మదిగా అడిగారు.

"ఎన్ని దినాలు పోయినవ్ బాయికి?"

నేను తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

"మళ్ల ఎడమ దిక్కు గుంజుతానవ్ బిడ్డా. రెండేండ్లకెంచి లేదది."

నాలుగు వేళ్లు చూపించాను. కొడతారేమో అనుకున్నాను, కనీసం తిడతారనుకున్నాను. ఆయన తల ఊపారు. "తప్పు నాదే. తగ్గియ్యమని చెప్పిన గని ఎందుకో చెప్పలే. చెప్పాలంటె..." అని, ఆ మాట కూడా పూర్తి చేయకుండా మిగతా పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు.

ఆ చెప్పలేని మాట తిరుగు ప్రయాణంలో కరుణక్క చెప్పింది. కాజీపేట పోయే ప్యాసింజరులో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టుకుంది. ఎదురు బల్ల మీద మిగతా పిల్లలు, అవతల సారు కళ్లు మూసుకుని ఉన్నారు. నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె నా ఒళ్లో ఉన్న తడి కాస్ట్యూమ్ పట్టీని సరిచేసి అంది.

"ఇది నాదే. నీ అంత ఉన్నప్పుడు ఏసుకున్న."

"నీకు ఈతొచ్చా అక్కా?"

"అప్పుడు అందరికంటె జోరుగ నేనే ఈదేదాన్ని."

కొలను కట్టిన మొదటి ఏడు. ఆమెకు పదిహేనేళ్లు. సారుకు అప్పుడు ఫౌజు తప్ప ఇంకో పద్ధతి తెలియదు. పోటీ దగ్గర పడుతున్నకొద్దీ పెంచుకుంటూ పోయారు. పది రోజులుందనగా ఆమె, "నాయినా, ఒళ్లు బరువుగున్నది, కీళ్లు గుంజుతానయ్" అని చెప్పింది. పోటీ అనగానే భయంతో అట్లాగే అనిపిస్తుంది, ఇంకో నాలుగు లెంగ్తులు కొడితే పోతుంది అన్నారు. మర్నాడు మళ్లీ చెప్పింది. ఆ మర్నాడూ చెప్పింది. నాలుగో రోజు చెప్పడం మానేసి ఈదింది. ఐదో రోజు గట్టు ఎక్కలేకపోయింది. దవాఖానలో చూసి కీళ్ల జ్వరం అన్నారు, అది అప్పటికే గుండెకు తాకిందన్నారు. జ్వరం ఈత వల్ల రాలేదు, కానీ మొదటి రోజే తెచ్చి పడుకోబెట్టి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదేమో అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి మూడు వారాలకొక ఇంజక్షన్. పరుగెత్తొద్దు, బరువెత్తొద్దు, ఈదొద్దు.

"నాయిన నన్ను కొట్టలే, తిట్టలే స్వరూపా," అంది కరుణక్క. "నమ్మలే. గంతే. నేను దవాఖానల ఉన్న రెండు నెలలు మంచం పక్కన కింద కూసుండి నా నాడి వట్టుకునేటోడు. గప్పటికెంచి అందరి నాడి అడుగుతాండు."

తర్వాత ఆరు నెలలు సారు కొలను ముఖం చూడలేదట. "నాకోసమన్న పో నాయినా, నేను వచ్చి టైం రాస్త" అని ఆమే తీసుకొచ్చిందట. ఆ మరుసటి ఏడు పంపు మోటారు కాలిపోయి పది రోజులు కొలనులో నీళ్లు లేవు. అప్పటికి రెండు నెలలుగా గట్టిగా ఈదుతున్న పిల్లలు పది రోజులు ఇళ్లలో కూర్చున్నారు. మళ్లీ నీళ్లు వచ్చిన రెండో రోజు టైములు చూస్తే ఒక్కొక్కరూ ముందుకంటే జోరుగా ఉన్నారు. స్టాప్‌వాచ్ చెడిపోయిందనుకుని సారు వేరే వాచీ తెప్పించి చూశారు. అది కూడా అదే చెప్పింది. "గా దినం నాయిన వాచీ పట్టుకొని ఏడ్చిండు," అంది. ఎందుకు ఏడ్చారో నేను అడగలేదు. పద్నాలుగేళ్లకే నాకది తెలిసింది.

ఇల్లు చేరాక ఇదంతా బాపుకు చెప్పాను. ఆయన మగ్గం ముందు కూర్చుని విన్నాడు, నూలు చుట్టిన కండె చేతిలోనే ఉండిపోయింది. మర్నాడు నాకంటే ముందే తయారై సైకిలు బయట పెట్టాడు. సారు బకెట్టులో పౌడరు కలుపుతున్నారు.

"సారూ, అబద్ధం నేనే చెప్పిచ్చిన," అన్నాడు బాపు. "పిల్లది కాదు."

సారు లేచి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, బాపు చెయ్యి పట్టుకున్నారు. "పోనియ్యన్నా. నేను చేసినదానికంటె చిన్నదే."

తర్వాతి ఏడు మళ్లీ అదే పోటీ, మళ్లీ మూడు నెలల కష్టం, మళ్లీ పదిహేను రోజుల ముందు పని సగం. ఈసారి కూడా మొదటి వారం ఒళ్లు బరువెక్కింది, కాళ్లు పీకాయి, భయం వేసింది. తెలిసినంత మాత్రాన భయం తగ్గదని అప్పుడు తెలుసుకున్నాను. తేడా అంతా ఇంట్లో వచ్చింది. నల్లా దగ్గర బిందె ఎత్తబోతే బాపు గుంజుకునేవాడు. మధ్యాహ్నం నేను పడుకుంటే మగ్గం ఆపి వాకిట్లో కూర్చునేవాడు. సాయంత్రం నేను ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే "కూసో బిడ్డా, జర కూసో" అంటూ తానే తిరిగేవాడు. పదో రోజుకు నిద్ర చిక్కబడింది. పన్నెండో రోజు పొద్దున నాడి అరవై రెండుంది. ఆ రోజు నీళ్లలో నాలుగు లెంగ్తులు కొడితే నీళ్లు నన్ను పైకి ఎత్తి పట్టుకున్నట్టు అనిపించింది. గోడ తాకి తల ఎత్తితే కరుణక్క వాచీ చూసి నవ్వు ఆపుకుంటూ పెదవి కొరుక్కుంది.

బయల్దేరడానికి మూడు రోజులుందనగా హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పోటీల కమిటీలో ఉన్నాడట, ఏదో పెళ్లికి వచ్చి మమ్మల్ని చూసి పోదామని వచ్చాడు. మేము అరగంటలో నీళ్లలోంచి బయటికి రావడం చూసి నవ్వాడు.

"ఇదేనా ప్రాక్టీసు? అక్కడ మా పిల్లలు రెండు పూటలా ఈదుతున్నారండి. పోటీ వచ్చే సోమవారం, తెలుసుగా?"

ఆయన వెళ్లిపోయాక సారు చాలాసేపు నీళ్లనే చూస్తూ నిలబడ్డారు. మేము తల తుడుచుకుంటున్నాం. ఎప్పుడో గాని ఊదని విజిల్ ఊదారు.

"అందరు దిగుండ్రి. ఇంకో ఎనిమిది లెంగ్తులు."

మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. నేను ఒక కాలు నీళ్లలో పెట్టాను కూడా. మెట్ల మీద కరుణక్క లేచి నిలబడింది. స్టాప్‌వాచ్ మెడలోంచి తీసి మెట్టు మీద పెట్టింది. గొంతు పెంచలేదు.

"నాయినా, మళ్లనా?"

సారు ముఖంలో రక్తం లేదు. ఆయన చెయ్యి విజిల్ మీదనే ఉంది. కొంతసేపటికి ఆ చెయ్యి దిగింది. "వద్దు," అన్నారు, మాతోనో తనతోనో. "బయటికి రాండ్రి. ఇగ చాలు. ఇండ్లకు పోండ్రి." మేము వెళ్తూ వెనక్కి చూస్తే, కరుణక్క పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

ఆ సోమవారం నేను రెండో స్థానంలో వచ్చాను. మొదట వచ్చిన అమ్మాయి పుట్టుకతోనే ఈతగత్తె అన్నట్టుంది, ఆమెను పట్టుకోవడం నా వల్ల అయ్యే పని కాదు. కానీ మూడో లెంగ్తు సగం దాటాక, క్రితం ఏడు చేతులు ఆగిపోయిన చోట, నా లోపల ఇంకా చాలా ఉంది. ఆ పది పన్నెండు మీటర్లు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. అంతకు ముందటి నా టైము కంటే నాలుగు సెకన్లు తగ్గించాను. గట్టు మీద కరుణక్క వాచీ ఎత్తి చూపిస్తూ నవ్వుతున్నది. సారు అందరిలా చప్పట్లు కొట్టలేదు. దగ్గరికి వచ్చి, అంత పోటీ అయ్యాక కూడా, "ఒళ్లెట్లున్నది బిడ్డా?" అని అడిగారు.

ఇంకో రెండేళ్లు ఈదాను. తర్వాత కాలేజీ, చదువు. ఎనభైల చివర్లో కరుణక్క గుండె ఇక మోయలేనన్నది. ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఆమె అంత్యక్రియలకు కొలనులో ఈత నేర్చుకున్న పిల్లలంతా వచ్చారు, అప్పటికి కొందరికి మీసాలొచ్చాయి. చర్చిలో బాపుకు, నాకు చివరి బల్ల దొరికింది. ఏ పాటకు లేవాలో, దేనికి కూర్చోవాలో తెలియక బాపు మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఉన్నాడు. సారు మళ్లీ కొలనుకు రాలేదు. కొన్నాళ్లకు కొలనులో నీళ్లు నింపడమే ఆగిపోయింది.

నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి ఒక సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. రిటైరయ్యారు. వాకిట్లో మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. టీ తాగుతూ పాత సంగతులు మాట్లాడుకున్నాం. ఎన్నో ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను.

"సార్, తగ్గించినప్పుడు మేము భయపడేది. మీకు మాత్రం నమ్మకముండె గద?"

ఆయన చేట పక్కన పెట్టారు. "లేదు బిడ్డా. గా పదిహేను దినాలు నాకు అన్నం సయించకపోయేది. రోజూ పొద్దున సైకిలు మీద వస్తాంటె, ఇయ్యాల ఇంకో నాలుగు లెంగ్తులు చెప్దామని నోటి దాక వచ్చేది. ఏమన్న అయితె ఓడిపోయేది మీరు, ఓడగొట్టినోన్ని నేనైత. మిమ్ముల ఈదిచ్చుడు అల్కటి పని. మీరు నీళ్లల్ల ఉంటె నా భయం నాకు కనపడకపోయేది. బయట కూసోవెట్టినంక అంత నా మీదికే వచ్చేది."

"మరి ఎట్ల ఆగిన్లు సార్?"

"ఆగలేదు గద. ఒక దినం దిగుమన్న, మీకు యాదికున్నది. కరుణ ఆపింది." చేట మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. "ఒకసారి నా భయం తీసి నా బిడ్డ మీద పెట్టిన. మళ్ల పెట్టొద్దని, మీరు పోయేదాక చేతులు కట్టుకొని నిలబడేది. గంతే నేను చేసింది. ఈతల నేను మీకు నేర్పింది ఏం లేదు."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేను ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. ప్రతి ఏడూ పరీక్షలకు రెండు వారాల ముందు తల్లిదండ్రులు వచ్చేవారు, అదనపు క్లాసులు పెట్టమని, ఇంకో రెండు టెస్టులు పెట్టమని. నేను తగ్గించేదాన్ని. రోజుకు కొన్ని లెక్కలు, గట్టిగా, వేగంగా, ఆ తర్వాత ఇళ్లకు పంపేదాన్ని. ఒక్కో ఏడు అది కలిసొచ్చింది. ఒక ఏడు నా క్లాసులో మంచి పిల్ల ఒకతి తప్పింది, వాళ్ల నాన్న స్టాఫ్ రూములో అందరి ముందు నన్ను నిలదీశాడు. ఆయన అన్నది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

పిల్లలు వెళ్లిపోయాక ఖాళీ క్లాసురూములో కూర్చుంటే ఇంకో నాలుగు లెక్కలు చేయించాల్సిందేమో అనిపించేది. తలుపు దాకా వెళ్లి, వాళ్లను వెనక్కి పిలుద్దామని గేటు వైపు చూసిన సాయంత్రాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లు బస్టాపు దగ్గర నవ్వుకుంటూ, తోసుకుంటూ ఉండేవారు. ఆ భయం వాళ్లది కాదు, నాది. బస్సు వచ్చి వాళ్లంతా ఎక్కి వెళ్లిపోయేదాకా, చేతులు కట్టుకుని, అక్కడే నిలబడేదాన్ని.